ఆస్తమా అనుకున్నది శ్వాసనాళంలో గడ్డ అని తేలినప్పుడు

మీరు చెప్పిన వివరాలు క్లుప్తంగా ఇవి. మీ ఏడేళ్ల అమ్మాయికి ఎనిమిది నెలలుగా దగ్గు, పిల్లికూతలు ఉన్నాయి. ఆస్తమా అని ఇన్హేలర్లు వాడారు. ఈలోగా రెండుసార్లు న్యుమోనియా వచ్చింది, రెండుసార్లూ ఎడమ ఊపిరితిత్తి కింది భాగంలోనే. ఇటీవల దగ్గినప్పుడు కఫంలో రక్తపు జీర కనిపించడంతో సీటీ స్కాన్ తీశారు, ఎడమ ప్రధాన శ్వాసనాళంలో ఒకటిన్నర సెంటీమీటర్ల గడ్డ బయటపడింది. ఇప్పుడు బ్రాంకోస్కోపీ, అంటే శ్వాసనాళంలోకి గొట్టం పోనిచ్చి చూసే పరీక్ష, చేసి ముక్క తీయాలంటున్నారు. ఇది క్యాన్సరా, ముక్క తీస్తే ప్రమాదమా, ఊపిరితిత్తి మొత్తం తీసేయాల్సి వస్తుందా, ఇన్నాళ్లూ ఆలస్యం చేసి తప్పు చేశామా అన్నవి మీ ప్రశ్నలు. పిల్లల శ్వాసమార్గ సమస్యలనే ఇరవై ఏళ్లకు పైగా చూస్తున్న వైద్యుడిగా నాకు తెలిసినంతవరకు వివరంగా రాస్తాను. పాపను, స్కాన్ చిత్రాలను చూడకుండా చెబుతున్న మాటలు కాబట్టి వీటిని మీ వైద్యుల నిర్ణయానికి బదులుగా తీసుకోవద్దు. వారితో కూర్చుని మాట్లాడేటప్పుడు ఏమి అడగాలో, వారు చెప్పేదాని వెనుక ఉన్న కారణం ఏమిటో మీకు తెలియాలని నా ఉద్దేశం.

ముందుగా ఆలస్యం సంగతి, ఎందుకంటే మీ మనసులో అన్నిటికంటే బరువుగా ఉన్నది అదేనని అర్థమవుతోంది. ఆస్తమా ఎంత సాధారణమో శ్వాసనాళంలో గడ్డ అంత అరుదు. పిల్లల వైద్యంలో జీవితమంతా గడిపినవారు కూడా ఇలాంటి గడ్డలను వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే చూసి ఉంటారు. దానికి తోడు మందులు పనిచేసినట్టే కనిపిస్తాయి. గడ్డ చుట్టూ ఉన్న పొర వాచి ఉంటుంది, గడ్డకు అవతల కఫం నిలిచిపోయి చీము పడుతుంది. స్టెరాయిడ్ ఆ వాపును తగ్గిస్తుంది, యాంటీబయాటిక్ ఆ చీమును తగ్గిస్తుంది, దాంతో రెండు మూడు వారాలు పాప హాయిగా ఊపిరి తీసుకుంటుంది. ఆ తెరిపి చూసి ఇంట్లోవాళ్లు, వైద్యులు కూడా మందు పడిందనుకుంటారు. గడ్డ మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. స్టెరాయిడ్ ఇచ్చే ఈ తాత్కాలిక ఉపశమనం శ్వాసమార్గపు గడ్డలు దాదాపు అన్నింటిలోనూ వైద్యులను పక్కదారి పట్టిస్తుంది, అందుకే దీని ప్రస్తావన కింద మళ్లీ రెండుసార్లు వస్తుంది. ఏడేళ్ల వయసులో ఈ చోట వచ్చే గడ్డల్లో ఎక్కువభాగం నెమ్మదిగా పెరిగేవే కాబట్టి, ఎనిమిది నెలల జాప్యం వల్ల చికిత్సకు అవకాశం చేజారిందని అనుకోవాల్సిన అవసరం సాధారణంగా ఉండదు.

అయినా ఆనవాళ్లు ఉంటాయి. ఆస్తమా రెండు ఊపిరితిత్తులకూ సంబంధించిన జబ్బు. స్టెతస్కోపు పెట్టి వింటే కుడివైపు వినిపించే కూతలే ఎడమవైపూ దాదాపు అలాగే వినిపిస్తాయి. అవి ఎన్నో సన్నని గొట్టాలు ఒకేసారి కుదించుకుపోవడం వల్ల పుట్టే శబ్దాలు గనుక, హార్మోనియం మీద నాలుగైదు మెట్లు కలిపి నొక్కినట్టు రకరకాల స్థాయుల్లో ఉంటాయి. పెద్ద గొట్టం ఒకదానిలో అడ్డు ఉన్నప్పుడు వచ్చేది ఒకే శ్రుతి, ప్రతి శ్వాసలోనూ అదే చోట, అదే స్థాయిలో. నా దగ్గర శిక్షణ పొందే వైద్యులకు నేను చేయించే పని ఒకటుంది. బిడ్డను కూర్చోబెట్టి, ఎదురుగా కొవ్వొత్తి ఉన్నట్టు ఊహించుకుని గట్టిగా ఊది ఆర్పమని చెప్పి, ఆ ఊదే క్షణంలో స్టెతస్కోపును వీపు మీద ఒకవైపు, మరుసటి ఊపిరిలో సరిగ్గా అదే ఎత్తున రెండోవైపు ఉంచి వినమంటాను. మామూలు శ్వాసలో దొరకని తేడా ఆ ఊదడంలో దొరుకుతుంది. ఒకవైపు గాలి చప్పుడు తగ్గి ఉండటం, పిల్లికూత ఒకవైపే ఉండటం, ఇన్హేలర్ పీల్చి ఇరవై నిమిషాలు గడిచినా ఆ శబ్దంలో మార్పు రాకపోవడం అనే మూడూ కలిస్తే, దాన్ని ఆస్తమా అనే పేరుతో వదిలేయకూడదు.

ఎక్స్‌రేలోనూ ఇలాంటి సూచన ఉంటుంది కానీ, ఊపిరి పీల్చినప్పుడు తీసిన ఒక్క ఫిల్ముతో అది బయటపడకపోవచ్చు. పీల్చేటప్పుడు శ్వాసనాళం కాస్త వెడల్పవుతుంది కాబట్టి గాలి గడ్డ పక్కనుంచి లోపలికి జారుకుంటుంది. వదిలేటప్పుడు గొట్టం సన్నబడి గడ్డ బిరడాలా బిగుసుకుంటుంది. ఫలితంగా ఆ వైపు ఊపిరితిత్తి గాలితో ఉబ్బిపోయి, ఊపిరి వదిలినప్పుడు తీసిన ఫిల్ములో మరింత నల్లగా, పెద్దగా కనిపిస్తుంది. గొట్టం పూర్తిగా మూసుకుపోయాక పరిస్థితి తారుమారై, అవతలి భాగం గాలి లేక ముడుచుకుపోయి తెల్లగా కనిపిస్తుంది. న్యుమోనియా ఒకే చోట రెండోసారి వచ్చిందంటే అక్కడి గొట్టంలోకి తొంగిచూడాలన్నది నేను ఎన్నడూ సడలించని నియమం. గింజలాంటి వస్తువు ఇరుక్కున్నా, బయటి నుంచి గ్రంథి నొక్కుతున్నా, లోపల గడ్డ ఉన్నా, మూడింటికీ కనిపించే తీరు ఒకటే. న్యుమోనియా నయమైన నాలుగైదు వారాల తర్వాత మరో ఎక్స్‌రే తీసి ఆ భాగం పూర్తిగా శుభ్రపడిందో లేదో చూడటం చిన్న పని, కానీ బిడ్డ తేరుకుని ఆడుకుంటుంటే ఆ పని ఎవరికీ గుర్తురాదు.

ఇక ఆ గడ్డ ఏమై ఉండవచ్చన్నది. ఇది బిడ్డ వయసును బట్టి, గడ్డ శ్వాసమార్గంలో ఎంత ఎత్తున ఉందన్నదాన్ని బట్టి చాలావరకు మారుతుంది. మీ పాప విషయానికి నేరుగా సంబంధం లేకపోయినా పసిపిల్లల సంగతి కొంత చెబుతాను, ఎందుకంటే ఆలస్యం వల్ల ప్రాణం మీదికి వచ్చేది ఎక్కువగా వారికే.

స్వరతంత్రులకు కొంచెం దిగువన మృదులాస్థి ఉంగరంలా చుట్టూ పూర్తిగా మూసి ఉండే చోటు ఒకటుంది. వాపు వస్తే బయటికి విస్తరించే వీలు లేక లోపలికే పెరుగుతుంది. పుట్టిన బిడ్డలో అక్కడి వ్యాసం సుమారు 4 మిల్లీమీటర్లు. చుట్టూరా 1 మిల్లీమీటరు వాచినా వ్యాసం 2 మిల్లీమీటర్లకు పడిపోతుంది, గాలి వెళ్లే వైశాల్యం నాలుగో వంతుకు తగ్గుతుంది, గాలికి ఎదురయ్యే నిరోధం 16 రెట్లు పెరుగుతుంది. పెద్దవాళ్లలో అదే ఒక మిల్లీమీటరు వాపు గొంతు బొంగురుపోవడంతో సరిపోతుంది. ఈ ఇరుకు చోటులోనే పసిపిల్లల రక్తనాళాల గడ్డ, అంటే హీమాంజియోమా, పుట్టవచ్చు. పుట్టినప్పుడు బిడ్డ బాగానే ఉంటుంది. నాలుగు వారాల నుంచి మూడు నెలల లోపు ఊపిరి పీల్చేటప్పుడు, వదిలేటప్పుడు కూడా గరగరమనే శబ్దం మొదలవుతుంది. జలుబు చేసినప్పుడు డొక్కలు ఎగరేస్తుంది, మొరిగినట్టు దగ్గుతుంది. దాన్ని చూసి క్రూప్, అంటే వైరస్ వల్ల గొంతు లోపల వాచే జబ్బు, అని స్టెరాయిడ్ ఇస్తారు. స్టెరాయిడ్ ఈ రక్తనాళాల గడ్డను కూడా కొంత కుదిస్తుంది గనుక బిడ్డ తేరుకుంటుంది, వారం తిరగకముందే మళ్లీ మొదలవుతుంది. క్రూప్ సాధారణంగా ఆరు నెలల వయసు దాటిన పిల్లలకు వచ్చే జబ్బు. ఆరు నెలల లోపు బిడ్డకు క్రూప్ అన్న మాట రెండోసారి వినిపిస్తే గొంతులోకి కెమెరా పెట్టి చూడాల్సిందే. కింది పెదవి, గడ్డం, చెంపల కింది భాగం, మెడ ముందువైపు, అంటే గడ్డం పెరిగే చోట్ల చర్మం మీద ఎర్రని మచ్చలు లేస్తే అనుమానం మరింత బలపడుతుంది. అయితే లోపల హీమాంజియోమా ఉన్న బిడ్డల్లో సుమారు సగం మందికి మాత్రమే చర్మం మీద కూడా ఉంటుంది కాబట్టి, మచ్చ లేదని ధీమాగా ఉండటానికి వీల్లేదు.

ఈ గడ్డ చికిత్స 2008లో పూర్తిగా మారిపోయింది. ఫ్రాన్స్‌లోని బోర్డోలో క్రిస్టీన్ లియోటే-లాబ్రెజ్ అనే చర్మవైద్యురాలు, ఆమె సహచరులు ముక్కు మీద హీమాంజియోమా ఉన్న ఒక బిడ్డకు స్టెరాయిడ్ ఇస్తుండగా గుండె కండరం మందమైంది. ఆ గుండె సమస్యకు ప్రొప్రానొలాల్ మొదలుపెట్టిన మర్నాటికే గడ్డ రంగు మారి మెత్తబడటం వారు గమనించారు. అంతకుముందు ఇలాంటి పసిపిల్లలకు నెలల తరబడి స్టెరాయిడ్లు ఇచ్చేవాళ్లం, లేజర్‌తో కాల్చేవాళ్లం, మెడలో రంధ్రం చేసి గొట్టం పెట్టి ఏడాది, రెండేళ్లు గడిపేవాళ్లం. ఇప్పుడు కిలో బరువుకు రోజుకు 2 నుంచి 3 మిల్లీగ్రాముల చొప్పున ఈ మందు విభజించి ఇస్తే చాలామంది బిడ్డల్లో ఒకటి రెండు రోజుల్లోనే శబ్దం తగ్గడం వింటాం. ఇది ఇంట్లో సొంతంగా మొదలుపెట్టే మందు ఎంతమాత్రం కాదు. గుండె వేగం, రక్తపోటు, రక్తంలో చక్కెర పడిపోవచ్చు. పాలు తాగిన తర్వాతే వేయాలి, వాంతులు అవుతున్నప్పుడు, పాలు తాగని రోజున ఆపాలి. ముఖం మీద పెద్ద హీమాంజియోమా ఉంటే మెదడుకు వెళ్లే రక్తనాళాల్లో లోపం ఉందేమో ఎమ్మారైతో, గుండెలో లోపం ఉందేమో ఎకోతో ముందే చూసుకోవాలి.

పసితనం దాటి ఐదారేళ్ల లోపు బిడ్డకు గొంతు బొంగురుపోయి, అది నెలల తరబడి తగ్గకుండా, ఏడుపు శబ్దం కూడా సన్నబడుతూ వస్తే స్వరతంత్రుల మీద పాపిలోమాలు ఉన్నాయేమో చూడాలి. హెచ్‌పీవీ 6, 11 రకాల వైరస్‌ల వల్ల వచ్చే ఈ పులిపిరులు దగ్గరగా చూస్తే చిన్న చిన్న ద్రాక్షగుత్తుల్లా, ప్రతి గింజ మధ్యలో ఎర్రని చుక్కతో కనిపిస్తాయి. చిక్కంతా ఇవి తీసినకొద్దీ మళ్లీ రావడంలోనే ఉంది. అందుకే ఒక్కసారిలో మొత్తం పెరికివేయాలనే పట్టుదల పనికిరాదు. పాపిలోమాతో పాటు ఆరోగ్యకరమైన పొర కూడా పోతే రెండు స్వరతంత్రులు అతుక్కుపోయి గొంతు శాశ్వతంగా దెబ్బతింటుంది. ఏడాదికి నాలుగు కంటే ఎక్కువ శస్త్రచికిత్సలు అవసరమవుతున్న పిల్లలకు బెవసిజుమాబ్ వంటి మందును కలిపే ఆలోచన చేస్తున్నాం. మెడలో గొట్టం పెట్టడం వీలైనంతవరకు తప్పించుకోవాలి, ఎందుకంటే వైరస్ ఆ దారి వెంట కిందికి దిగుతుంది. ఈ జబ్బును రాకుండా ఆపవచ్చన్నది నాకు ఎంతో సంతోషం కలిగించే విషయం. 2007లో 6, 11 రకాలను కూడా అడ్డుకునే హెచ్‌పీవీ టీకాను దేశమంతటా ఆడపిల్లలకు ఇవ్వడం ప్రారంభించిన ఆస్ట్రేలియాలో, పిల్లల్లో కొత్తగా వచ్చే పాపిలోమా కేసులు 2012లో లక్షమందికి 0.16 ఉండగా 2016 నాటికి 0.02కు పడిపోయాయి.

ఇప్పుడు మీ పాప వయసుకు, ఆ చోటుకు వద్దాం. బడి ఈడు పిల్లల్లో పెద్ద శ్వాసనాళం లోపల పుట్టే గడ్డల్లో తరచుగా వినిపించే పేర్లు మూడు. కార్సినాయిడ్, మ్యూకోఎపిడెర్మాయిడ్ కార్సినోమా, ఇన్‌ఫ్లమేటరీ మయోఫైబ్రోబ్లాస్టిక్ ట్యూమర్. మొదటి రెండూ సాంకేతికంగా క్యాన్సర్లే కాబట్టి మీ మొదటి ప్రశ్నకు 'అయి ఉండవచ్చు' అన్నదే నిజాయతీ గల జవాబు. కానీ క్యాన్సర్ అన్న మాట వినగానే మనకు తోచే జబ్బుకూ వీటికీ చాలా దూరం. శ్వాసనాళపు గోడలోని హార్మోన్ కణాల నుంచి పుట్టే సాధారణ రకం కార్సినాయిడ్‌ను పూర్తిగా తొలగించిన తర్వాత 5 ఏళ్లు దాటి జీవించేవారు 90 శాతానికి పైనే. పిల్లల్లో వచ్చే మ్యూకోఎపిడెర్మాయిడ్ గడ్డలు ఎక్కువగా తక్కువ తీవ్రత గలవే, వాటికి కూడా పూర్తిగా తీసేయడమే చికిత్స. కీమోథెరపీ, రేడియేషన్ ఈ రెండింటికీ సాధారణంగా అవసరం ఉండవు. మూడోది క్యాన్సర్‌కూ మామూలు గడ్డకూ మధ్యస్థమైన స్వభావం గలది, ఇతర అవయవాలకు పాకడం అరుదు, కానీ పూర్తిగా తీయకపోతే మళ్లీ అక్కడే పెరుగుతుంది. ఇవి కాక గ్రాన్యులార్ సెల్ ట్యూమర్, నరాల పొర నుంచి పుట్టే ష్వానోమా, మృదులాస్థి గడ్డలు, ఇంకా అరుదుగా సార్కోమాలు కూడా ఉంటాయి.

మరో అవకాశాన్ని మీ వైద్యులు ఇప్పటికే స్కాన్‌లో తోసిపుచ్చి ఉంటారు, అయినా చెప్పకుండా ఉండలేను. గడ్డ గొట్టం లోపల కాకుండా ఛాతీ మధ్యలో, వాయునాళానికి (గొంతు నుంచి కిందికి దిగే ప్రధాన గొట్టానికి) ముందు ఉండి దాన్ని బయటి నుంచి నొక్కుతుంటే అది లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల క్యాన్సర్, కావచ్చు. ఆ పిల్లలకు వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, కూర్చుని ముందుకు వంగి నిద్రపోతారు, ముఖం ఉబ్బుతుంది. అలాంటి బిడ్డకు స్కాన్ కోసం మత్తు ఇచ్చి పడుకోబెడితే వాయునాళం మూసుకుపోయి, గొట్టం వేసినా గాలి వెళ్లని స్థితి రావచ్చు. స్టెరాయిడ్ ఇక్కడ ఇంకోరకంగా దెబ్బ తీస్తుంది. ఆస్తమా అనుకుని నాలుగు రోజులు వేసిన మాత్రలు లింఫోమాను కరిగించేసి, తర్వాత తీసిన ముక్కలో ఏ రకమో తేల్చలేకుండా చేస్తాయి. ఇలాంటిచోట మెడలోని గ్రంథి నుంచి, ఛాతీలో చేరిన నీటి నుంచి, స్థానికంగా మొద్దుబార్చి రోగనిర్ధారణ చేయడమే సురక్షితం.

బ్రాంకోస్కోపీకి, ముక్క తీయడానికి వస్తే, మీ భయంలో అర్థం ఉంది. నా వృత్తి తొలి రోజుల్లో తొమ్మిదేళ్ల అబ్బాయిని, గింజ ఏదో ఊపిరితిత్తిలోకి పోయిందన్న అనుమానంతో మా విభాగానికి పంపారు. దూరదర్శినిలాంటి గట్టి బ్రాంకోస్కోపు లోపలికి పోనిచ్చి చూస్తే కుడి శ్వాసనాళంలో చెర్రీ పండంత ఎర్రగా, గుండ్రంగా, నిగనిగలాడే ముద్ద కనిపించింది. గింజ మీద పేరుకున్న కండ అనుకుని ఫోర్సెప్స్‌తో పట్టి లాగాను. మరుక్షణంలో లెన్సు ముందు ఎరుపు తప్ప ఏమీ లేదు. అడ్రినలిన్ కలిపిన చల్లని సెలైన్ పోసి, బ్రాంకోస్కోపు మొనతోనే ఆ చోటును అదిమిపట్టి, రక్తం రెండో ఊపిరితిత్తిలోకి పోకుండా బిడ్డను కుడివైపుకు తిప్పి ఉంచాం. రక్తం ఆగడానికి పట్టింది కొన్ని నిమిషాలే అయినా అవి నాకు ఈనాటికీ గుర్తున్నాయి. అది కార్సినాయిడ్. అబ్బాయి తర్వాత శస్త్రచికిత్స జరిగి కోలుకున్నాడు. నేను ఎంచుకున్న క్రమం తప్పు. చేతికి పనిచెప్పేముందు ముద్ద ఉపరితలం మీద పాకిన సన్నని రక్తనాళాలను ఒక నిమిషం నిలిచి చూసి ఉంటే అది గింజ కాదని నాకే తెలిసేది.

కార్సినాయిడ్‌కు రక్తప్రసరణ ఎక్కువ అన్నది నిజం, అందువల్ల అసలు ముక్కే తీయకూడదన్నది మాత్రం నేను ఒప్పుకోను. ముందే అనుమానించి, సన్నద్ధంగా, చిన్న ముక్కలు తీస్తే చాలావరకు సురక్షితంగానే ముగుస్తుంది. మీరు వైద్యులను అడగవలసిన ప్రశ్నలు ఇవి: ముక్క తీసేముందు రంగుమందు ఎక్కించి పలుచని పొరలుగా సీటీ తీశారా, అందులో గడ్డ రక్తనాళంలా మెరిసిందా, గోడకు వెలుపల ఎంతవరకు విస్తరించింది? రక్తం వస్తే వాడటానికి గట్టి బ్రాంకోస్కోపు, లేజర్ లేదా విద్యుత్తుతో కాల్చే సాధనం, ఛాతీ శస్త్రవైద్యుడు అదే గదిలో అందుబాటులో ఉంటారా? మత్తు ఇచ్చేవారు పిల్లల శ్వాసమార్గంలో అనుభవం ఉన్నవారేనా? ఈ మూడో ప్రశ్న అన్నిటికంటే ముఖ్యమని నా అభిప్రాయం. శ్వాసమార్గాన్ని గడ్డ ఎంతవరకు మూసిందో తేలేదాకా బిడ్డ తన ఊపిరి తానే తీసుకుంటూ ఉండేలా మత్తు నడపాలి, కండరాలను స్తంభింపజేసే మందు తొందరపడి ఇవ్వకూడదు. వాయునాళంలోనే పెద్ద అడ్డు ఉన్న పిల్లలకైతే ఎక్మోను, అంటే రక్తానికి శరీరం బయట ఆక్సిజన్ ఎక్కించే యంత్రాన్ని, సిద్ధంగా పెట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి. మీ పాపకు అడ్డు ఒక్క ఎడమవైపే కాబట్టి, కుడి ఊపిరితిత్తి బాగుంటే ఆ అవసరం రాకపోవచ్చు. ఆ రోజు జ్వరం గానీ న్యుమోనియా గానీ ఉంటే, అత్యవసరం కానంతవరకు వాయిదా వేయడమే మంచిది. గొట్టం పూర్తిగా మూసుకుపోయి అవతల చీము నిండి ఉంటే మాత్రం, బ్రాంకోస్కోపీలోనే గడ్డను కొంత చెక్కి దారి తెరిచి, చీము లాగేసి, ఊపిరితిత్తి శుభ్రపడ్డాక రెండు మూడు వారాలకు అసలు శస్త్రచికిత్స చేయడం మంచి పద్ధతి.

ముక్క తీశాక ఫలితం కోసం వేచి ఉండే రోజులు కష్టంగా గడుస్తాయి, అయినా అక్కడ తొందరపెట్టవద్దు. బిడ్డ శస్త్రచికిత్స బల్ల మీద ఉండగానే తీసిన ముక్కను మంచులా గడ్డకట్టించి చూసే తక్షణ పరీక్ష ఈ గడ్డల్లో పొరపాటు చెప్పగలదు. ఫోర్సెప్స్ నొక్కుడుకు నలిగిన కార్సినాయిడ్ కణాలు మరింత తీవ్రమైన క్యాన్సర్‌లా కనిపించవచ్చు. గ్రాన్యులార్ సెల్ ట్యూమర్ మీద పొర మందమై, పైపైన తీసిన ముక్కలో వేరే క్యాన్సర్‌ను అనుకరిస్తుంది. కాబట్టి పిల్లల గడ్డలు చూసే పెథాలజిస్టు చేత రెండో అభిప్రాయం తీసుకోవడంలో మొహమాటం అక్కర్లేదు. స్లైడులు, ముక్కను భద్రపరిచిన మైనపు దిమ్మెలు రెండూ పంపమని అడగండి. కార్సినాయిడ్ అయితే 2 చదరపు మిల్లీమీటర్ల వైశాల్యంలో విభజన చెందుతున్న కణాలు 2 కంటే తక్కువ ఉన్నాయా, 2 నుంచి 10 మధ్య ఉన్నాయా అన్నదాన్ని బట్టి సాధారణ, అసాధారణ రకాలుగా విడదీస్తారు. మ్యూకోఎపిడెర్మాయిడ్‌లో చాలావాటికి ఎంఏఎంఎల్2 అనే జన్యువు మరో జన్యువుతో అతుక్కున్న గుర్తు దొరుకుతుంది. మూడోరకం గడ్డల్లో సుమారు సగానికి ఏఎల్‌కే జన్యువులో మార్పు ఉంటుంది, దాన్ని తప్పకుండా పరీక్షించాలి. అది ఉండి, గడ్డను కోసి తీయడం సాధ్యం కాని చోట ఉంటే క్రిజోటినిబ్ అనే మాత్ర పనిచేస్తుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022లో ఏడాది దాటిన పిల్లలకూ దాన్ని ఈ జబ్బుకు ఆమోదించింది. కార్సినాయిడ్ అని తేలితే గాలియం డోటాటేట్ పెట్ స్కాన్ వల్ల గ్రంథుల్లోకి పాకిందో లేదో తెలుస్తుంది. కుటుంబంలో ఎవరికైనా పారాథైరాయిడ్, పిట్యూటరీ, క్లోమ గ్రంథుల్లో గడ్డలు వచ్చి ఉంటే ఆ సంగతి వైద్యులకు చెప్పండి, ఎందుకంటే కొద్దిమందిలో ఇది వంశపారంపర్యంగా వచ్చే స్థితిలో భాగం.

ఊపిరితిత్తి మొత్తం తీసేయాల్సి వస్తుందా అన్నదానికి నా జవాబు, చాలా సందర్భాల్లో రాదు, ఆ మాట ఎవరైనా మొదటే అంటే మరోచోట కూడా చూపించండి. 1947లో లండన్‌లో క్లెమెంట్ ప్రైస్ థామస్ అనే శస్త్రవైద్యుడు వైమానిక దళంలో శిక్షణ పొందుతున్న యువకుడికి సరిగ్గా ఇలాంటి గడ్డకే, గొట్టంలో గడ్డ ఉన్న ముక్కను మాత్రం కత్తిరించి రెండు కొసలను కలిపి కుట్టారు. స్లీవ్ రిసెక్షన్ అనే ఆ పద్ధతి, చొక్కా చేతిలో పాడైన భాగాన్ని తీసేసి మిగిలినవి కలిపి కుట్టడంలాంటిది. పిల్లల కణజాలం మెత్తగా, సాగే గుణంతో ఉంటుంది కాబట్టి అది వారికి బాగా నప్పుతుంది. కరిగిపోయే దారంతో, లాగుడు లేకుండా కుట్టిన గొట్టం బిడ్డతో పాటు పెరుగుతుంది. నెలల తరబడి ముడుచుకుపోయిన ఊపిరితిత్తి కూడా దారి తెరుచుకున్నాక తిరిగి విచ్చుకోవడం నేను ఎన్నోసార్లు చూశాను. అవతలి భాగం పదేపదే చీముపట్టి గొట్టాలు శాశ్వతంగా వెడల్పైపోయి ఉంటే మాత్రం, ఆ ఒక్క తమ్మెను, అంటే ఊపిరితిత్తిలోని ఆ ఒక్క భాగాన్ని, తీయడమే బిడ్డకు మేలు.

కోత లేకుండా బ్రాంకోస్కోపీలోనే లేజర్‌తో తీసేయవచ్చు గదా అని మీరు అడగవచ్చు. సన్నని కాడతో వేలాడే గడ్డకు, గోడ దాటలేదని స్కాన్‌లో స్పష్టంగా తేలితే, కొన్నిచోట్ల చేస్తున్నారు. నేను దానికి జంకుతాను. గొట్టంలోకి కనిపించేది కొద్దిగా ఉండి, గోడ దాటి బయట పెరిగినది ఎక్కువగా ఉండటం కార్సినాయిడ్‌కు అలవాటు. పైభాగం తీసేస్తే ఊపిరి బాగుపడుతుంది, ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉంటారు, వేరు అక్కడే ఉండి ఏళ్ల తర్వాత బయటపడుతుంది. పక్కనున్న గ్రంథులను పరీక్షకు తీసే వీలు కూడా ఆ పద్ధతిలో లేదు.

శస్త్రచికిత్స తర్వాత వీలైనంత త్వరగా, తరచు ఆపరేషన్ గదిలోనే, వెంటిలేటర్ గొట్టం తీసేస్తారు. ఒత్తిడితో గాలి కొట్టడం కొత్త కుట్టుకు మంచిది కాదు. మొదటి వారంలో దగ్గించడం, కఫం తీయించడం అన్నిటికంటే పెద్ద పని. నొప్పికి మందు సరిపడా ఇస్తేనే బిడ్డ దగ్గుతుంది, అందుకని నొప్పి మందు తగ్గించమని మీరు అడగవద్దు. కొన్ని వారాల తర్వాత ఒకసారి బ్రాంకోస్కోపీ చేసి కుట్టు దగ్గర కండ పెరిగిందా, గొట్టం సన్నబడిందా అని చూస్తారు. పెరిగి ఉంటే అప్పుడే చిన్నగా తీసేయవచ్చు, సన్నబడి ఉంటే బెలూన్‌తో వెడల్పు చేయవచ్చు. కార్సినాయిడ్ పదేళ్ల తర్వాత కూడా తిరిగి రాగలదు గనుక పాప పెద్దయ్యేదాకా చూపించుకుంటూనే ఉండాలి. ఆపరేషన్ నివేదిక, పెథాలజీ నివేదిక, గడ్డ దిమ్మె ఎక్కడ భద్రపరిచారన్న వివరం ఒక ఫైలులో పెట్టి పాప పెద్దయ్యాక ఆమెకే అప్పగించండి. ఇరవై ఏళ్ల తర్వాత ఆమెను చూసే వైద్యుడు ఇవేవీ లేకుండా కొత్తగా మొదలుపెట్టాల్సి రాకూడదు.

ప్రస్తుతానికి, బ్రాంకోస్కోపీ తేదీ వచ్చేలోపు దగ్గులో చెంచాడు కంటే ఎక్కువ రక్తం పడినా, జ్వరం వచ్చినా, పడుకుంటే ఊపిరాడకపోయినా తేదీ కోసం ఆగకుండా వెంటనే తీసుకువెళ్లండి. రక్తం పడుతున్నప్పుడు పాపను ఎడమవైపుకు ఒరిగి పడుకోబెట్టండి, మంచి ఊపిరితిత్తి పైకి ఉండాలి. ఈ ఒక్క విషయం ఇంట్లో పాపతో ఉండే ప్రతి ఒక్కరికీ ఇవాళే చెప్పి ఉంచండి.